సర్కారు రాయి, కాంట్రాక్టు పిండి

టీవీలో సాయంత్రం పూట ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని అరుచుకుంటూ ఉంటారు. ప్రభుత్వం చేతిలో ఉంటే ఏ పనీ సాగదు, ప్రైవేటుకి ఇచ్చేయండి అంటాడు ఒకడు. ప్రైవేటువాడికిస్తే దోచుకుంటాడు, అంతా ప్రభుత్వమే చూసుకోవాలి అంటాడు ఇంకొకడు. పోర్ట్‌బ్లెయిర్‌ ఎయిర్‌పోర్టు పక్కన లంబాలైన్‌లో మా ఇంటి నెత్తి మీద నుంచి విమానాలు దిగే చప్పుడుకి వాళ్ళ మాటలు సగం వినపడవు. వినపడనందుకు నాకేమీ లోటు లేదు. ఆ ఇద్దరూ చెప్పేది నేను ఒకే గోడౌన్‌లో, అవే సిమెంటు బస్తాల మీద, కళ్ళారా చూశాను. చూశాక ఇద్దరి మీదా గౌరవం పోయింది.

ఇది చదివే పిల్లలకి ముందే ఒక మాట. మీరు తెలుగు గడగడా మాట్లాడతారు గానీ కాగితం మీద పెడితే కూడబలుక్కుంటారని నాకు తెలుసు. అందుకే పెద్ద పెద్ద మాటలు వాడటం లేదు. ఎక్కడైనా ఆగిపోతే ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. సిమెంటు కోసం ఆఫీసుల చుట్టూ తిరగనివాళ్ళు ఆ తరంలో ఎవరూ ఉండరు.

మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి టీచరు ఉద్యోగం మీద పోర్ట్‌బ్లెయిర్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నాకు ఒక సర్కారు స్టోరులో ఉద్యోగం వచ్చింది. పేరుకి స్టోర్‌కీపరు, చేసేది సిమెంటు గోడౌన్‌కి కాపలా. ఆడపిల్ల ఆ దుమ్ములో ఎన్నాళ్ళుంటుంది, ఏడ్చుకుంటూ బదిలీ అడుగుతుంది అని ఆఫీసులో అందరూ ఎదురుచూశారు. నేను అడగలేదు. వాళ్ళకి ఆ సంతోషం దక్కనివ్వకూడదనే సగం పట్టుదల.

అప్పట్లో సిమెంటు మీద కంట్రోలు ఉండేది. ఏ ధరకి అమ్మాలో ప్రభుత్వమే చెప్పేది, ఎవరికి ఎన్ని బస్తాలు ఇవ్వాలో ప్రభుత్వమే చెప్పేది. ఇంటికి గోడ పెట్టాలన్నా, బావికి గట్టు కట్టాలన్నా పర్మిట్టు కావాలి. మా దీవులకి రావాల్సిన కోటా మెయిన్‌లాండ్ నుంచి ఓడలో వచ్చేది. మంచిదానికీ నాసిదానికీ ధర ఒకటే అయినప్పుడు, మంచిది పంపాల్సిన అవసరం ఫ్యాక్టరీవాడికి ఏముంది? రేవులో ఎన్నాళ్ళుగానో నానుతున్న బస్తాల్ని ఎక్కించి చేతులు దులుపుకునేవాడు. మేము సముద్రం దాటి వచ్చి పోట్లాడలేమని వాడికి బాగా తెలుసు.

అయినా ప్రతి ఓడలోనూ కొంత మంచి సరుకు ఉండేది. దాన్ని పాడుచేసే బాధ్యత మా ఆఫీసు తీసుకుంది.

ఎలాగంటారా? మాకొక రూలు ఉండేది. పాత స్టాకు ముందు ఇవ్వాలి, అది అయిపోయాకే కొత్త స్టాకు ముట్టుకోవాలి. వానలు తక్కువ ఉండే ఊళ్ళో కూర్చుని ఎవరో రాసిన రూలు. అక్కడ అది మంచిదే అయ్యుంటుంది. ఇక్కడ ఏడాదిలో ముప్పాతిక భాగం వాన, మిగతా కాలమంతా ఉప్పుగాలి. జనపనార బస్తాలో సిమెంటు గడ్డకట్టడానికి ఎంతో సేపు పట్టదు. గడ్డకట్టిన బస్తాని ఎవరూ తీసుకోరు. అది కదలకుండా దాని వెనక ఉన్నది ఇవ్వకూడదు. దాంతో వెనకున్న తాజా బస్తాలు వరసలో తమ వంతు కోసం నిలబడి నిలబడి, అవి కూడా రాళ్ళయ్యేవి. ఇంతలో ఇంకో ఓడ. ఇంకో వరస.

ఈ రూలుకి మా ఆఫీసులో పూజారి హెడ్ క్లర్కుగారు. కాకినాడ వైపు మనిషి, ప్రోతరాపూర్‌లో ఇల్లు, బస్సులో వచ్చి బస్సులో పోయేవాడు. చెడ్డవాడు కాదు. పండగలకి మా ఇంటికి గారెలు పంపేవాడు. కానీ రూలు అన్న మాట వింటే ఆయన మొహం గుళ్ళో నిలబడ్డట్టు మారిపోయేది.

"గురువుగారూ, గడ్డల్ని పక్కకి తీసి తాజావి ఇచ్చేద్దాం. కనీసం ఇవన్నా బతుకుతాయి" అన్నాను ఒకసారి.

"పక్కన అంటే ఎక్కడమ్మా? స్టాకులో సిమెంటు అని ఉంది. రాళ్ళు అనే ఐటం మనకి లేదు."

"కళ్ళకి కనపడుతున్నాయి కదా."

"కళ్ళు కాదు చూసేది. బోర్డు వచ్చి చూడాలి."

బోర్డు అంటే పాడైన సరుకుని పాడైందని ప్రకటించే కమిటీ. మెయిన్‌లాండ్ నుంచి రావాలి. దాన్ని పిలవాల్సింది మా ఆఫీసరు. పిలిస్తే ఆయన హయాంలో ఇంత సరుకు నష్టమైందని రాస్తారు. ఆయన ఇక్కడికి వచ్చింది కొద్దికాలం పోస్టింగు మీద. మచ్చ లేకుండా తిరిగి వెళ్ళిపోవాలి. అందుకని ప్రతి ఆఫీసరూ ఆ గడ్డల్ని జాగ్రత్తగా కాపాడి తరవాత వచ్చేవాడికి అప్పగించేవాడు. ఒకసారి గాలివానకి గోడౌన్ రేకు లేచిపోయి తాజా బస్తాల మీద వాన పడుతోంది. గడ్డల మీదున్న టార్పాలిన్ తీసి వీటి మీద కప్పిస్తానన్నాను. పాత స్టాకు కవరు లేకుండా ఉండటానికి వీల్లేదని ఆఫీసరు ఒప్పుకోలేదు. రాళ్ళు పొడిగా ఉన్నాయి, సిమెంటు తడిసింది. నేను చూస్తూ నిలబడ్డాను.

వండూర్ అవతల మనవాళ్ళ చేపల కాలనీ ఒకటి ఉండేది. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి వలలేసుకుని బతికే కుటుంబాలు. వాళ్ళకి ఆ గడ్డలు ఎంతో పనికొచ్చేవి. బస్తా ఆకారంలో గట్టిపడిన సిమెంటుకి తాడు కడితే పడవకి బ్రహ్మాండమైన లంగరు. అక్కడక్కడా పాడైన బస్తా దొరికితే ఆ పనికే వాడేవాళ్ళు. నాలుగు గడ్డలు ఇప్పించమని మా గేటు దగ్గరికి వచ్చి అడిగేవాళ్ళు. "సర్కారు సిమెంటు సముద్రంలో పారేస్తారా!" అని హెడ్ క్లర్కుగారు ఒంటికాలి మీద లేచేవాడు.

ఆ కాలనీకి పెద్ద ఒకావిడ ఉండేది. అందరూ మామ్మ అనేవాళ్ళు, నేనూ అంతే. తట్ట నెత్తిన పెట్టుకుని బస్సెక్కి లంబాలైన్ దాకా వచ్చి చేపలమ్మేది. మొగుడు సముద్రంలో పోయాడు. కొడుకులు వేటకి వెళితే కాలనీ వ్యవహారాలన్నీ ఆవిడ చూసుకునేది.

కాలనీకి నీళ్ళ బాధ. వానాకాలంలో వెనక గుట్ట మీద నుంచి వాగు దూకుతుంది. వానలు ఆగితే అది ఎండిపోతుంది. అప్పటినుంచి మళ్ళీ మబ్బు పట్టేదాకా ఆడపిల్లలు బడి మానేసి దూరంగా ఉన్న బావి దగ్గర బిందెలు వరస పెట్టుకుని కూర్చోవాలి. మామ్మ మనవరాలు అలా పరీక్షల కాలమంతా బావి దగ్గరే గడిపి చదివిన క్లాసే మళ్ళీ చదువుతోంది. గుట్ట కింద పెద్ద ట్యాంకు కట్టి, వానలుండగానే వాగు నీళ్ళు దాంట్లోకి మళ్ళిస్తే పిల్లలు బడికి వెళతారు. మామ్మకి కావాల్సింది అదొక్కటే. దాని కోసం ఆవిడ ఎన్ని గుమ్మాలెక్కిందో, ఎవరెవరికి చేపలు ఊరికే ఇచ్చిందో నాకు తెలుసు. చివరికి పర్మిట్టు వచ్చింది.

కాలనీవాళ్ళు లారీ మాట్లాడుకుని స్టోరుకి వచ్చారు. రూలు ప్రకారం వరసలో ముందున్న బస్తాలు ఇవ్వాలి. ముందున్నవి రాళ్ళు. మామ్మ ఒక బస్తా మీద గుప్పిటితో కొట్టింది.

"ఇదేటి తల్లీ, ఇది రాయి గదా."

ఆవిడని ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఉత్తరాది మనిషి. బస్తా పగలగొట్టి ఒక గడ్డ తెచ్చి బల్ల మీద పెట్టాను. దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"సిమెంట్ హీ తో హై" అన్నాడు. సిమెంటే కదా, రూపం మారింది అంతే అని హిందీలో నాకే నచ్చచెప్పాడు. తీసుకుంటే తీసుకోండి, లేకపోతే పర్మిట్టు మురిగిపోతుంది.

మామ్మ తీసుకోలేదు. "నీళ్ళడిగితే రాళ్ళిత్తన్నారు" అని లారీ ఖాళీగా తిప్పి పంపేసింది. వానలు పడ్డాయి, వాగు దూకింది, ఆ నీళ్ళన్నీ సముద్రంలో కలిశాయి. పిల్లలు మళ్ళీ బావి దగ్గరికి పోయారు.

ఆ తరవాత కాలం మారింది. మెయిన్‌లాండ్‌లో సిమెంటు మీద కంట్రోలు ఎత్తేశారన్నారు. పర్మిట్టు అక్కర్లేదు, కావాల్సినవాడు కొనుక్కోవచ్చు. మాకు కొత్త ఆఫీసరు వచ్చాడు. ఈయన నోట్లో ఎప్పుడూ ఒకటే మాట, ఎఫిషియెన్సీ. గోడౌను నడిపే పని, ఓడ నుంచి సరుకు దించి అమ్మే పని, అంతా ఒక ప్రైవేటు కాంట్రాక్టరుకి అప్పగించాడు. సర్కారు వాటా కింద ఒక మూల కొద్దిగా స్టాకు, దానికి నేను, హెడ్ క్లర్కుగారు మిగిలాం.

కాంట్రాక్టరు మెయిన్‌లాండ్ నుంచి వచ్చినవాడు. తెలుగు, హిందీ, అరవం, బెంగాలీ అన్నీ నవ్వుతూ మాట్లాడేవాడు. ఎవరొచ్చినా ముందు టీ తెప్పించేవాడు. నిజం చెప్పాలంటే, మొదట్లో నాకూ నచ్చాడు. పొద్దున్నే గేటు తెరిచి ఉండేది. పది సంతకాల పని ఒక్క చీటీతో అయిపోయేది. సర్కారు సొంత ఆస్తిలా కాపాడుకుంటూ వచ్చిన ఆ గడ్డల గుట్ట ఉంది చూశారూ, అది కూడా చూస్తుండగానే కరిగిపోయింది. గోడౌను నేల నేను ఉద్యోగంలో చేరాక మొదటిసారి కనపడింది. నేల ఎర్రదని అప్పటిదాకా నాకు తెలియదు.

కొత్త ఆఫీసరు ఆనందం పట్టలేకపోయాడు. చూడటానికి వచ్చిన వాళ్ళందరికీ ఆ ఖాళీ నేల చూపించేవాడు. గడ్డలు ఏమయ్యాయని ఒక్కడూ అడగలేదు. సముద్రంలో పారేశాడేమో అనుకున్నాం. మత్స్యకారులు అడిగితే మాత్రం లంగరుకి ఒక్కటి కూడా దొరకలేదు.

ఇలా ఉండగా ఒకరోజు హెడ్ క్లర్కుగారు ఒక స్టీలు గిన్నె సంచిలో పెట్టుకుని ఆఫీసుకి తెచ్చాడు. గిన్నెలో దోసెల పిండిలాంటిది ఉంది. దాని మధ్యలో గరిట నిలువుగా నిలబడి ఉంది. ఆయన గరిట పట్టుకుని పైకి లేపితే గిన్నె మొత్తం లేచింది.

"మా ఆవిడ ప్రోతరాపూర్‌లో మిల్లుకి బియ్యం పంపించి పిండి పట్టించిందమ్మా. నిన్న అట్లు పోసింది. పెనం నుంచి ఊడి రాలేదు. వచ్చిన ముక్క నోట్లో పెట్టుకుంటే నాలుక పొక్కింది. మిగిలిన పిండి పొద్దుటికి ఇలా తయారైంది. బియ్యంలో ఏదన్నా రోగం ఉందంటావా?"

నేను గిన్నె తీసుకుని వేలితో గీరాను. బల్ల అంచుకేసి కొట్టాను. చిన్న ముక్క రాలింది. ఎన్నో ఏళ్ళు ఆ వాసనలోనే బతికిన దాన్ని.

"గురువుగారూ, ఇది మన స్టాకు."

ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "మన స్టాకు మా ఇంటికెలా వస్తుంది? సరుకు కావాలని ఇండెంటు రాయకుండా?"

ఆ మధ్యాహ్నమే ఇద్దరం బస్సెక్కి మిల్లుకి వెళ్ళాం. మిల్లు వెనక మా గడ్డల గుట్ట ఉంది. కూలీలు సుత్తులతో పగలగొడుతున్నారు. ముక్కలకి కాస్త మంచి సిమెంటు కలిపి మిల్లులో ఆడించి, దోమతెర గుడ్డలో జల్లెడ పట్టి, కొత్త ప్లాస్టిక్ బస్తాల్లో నింపి, నోళ్ళు మిషనుకుట్టు వేస్తున్నారు. మిల్లువాడు మమ్మల్ని చూసి ఏమీ దాచలేదు. దాచాల్సింది ఉందని వాడికి తెలియదు.

"కాంట్రాక్టర్ సాబ్ కా మాల్ హై దీదీ. పెహలే ఉనకా, బాద్ మే ఆప్ లోగోంకా చావల్" అన్నాడు. ముందు ఆయన సరుకు, తరవాత మీ బియ్యం. మధ్యలో మిల్లు కడగడం మరిచిపోయాడంతే. ఆ మరుపే లేకపోతే మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

పిల్లలూ, ఇక్కడ ఒక్క సంగతి మాత్రం తెలుసుకోండి. సిమెంటు ఒక్కసారే గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడిన దాన్ని మళ్ళీ పొడి చేస్తే అది చూడటానికి సిమెంటులాగే ఉంటుంది గానీ పట్టు ఉండదు. అందులో కొంచెం మంచిది కలిపితే కంటితో చూసి పోల్చుకోలేం. గిన్నెలో గరిటని బిగించింది ఆ కొంచెమే, నీళ్ళ బరువు మొయ్యడానికి అది చాలదు. దాంతో గోడ కడితే నిలబడ్డట్టే ఉంటుంది.

మర్నాడు గిన్నె, గరిట తీసుకుని ఆఫీసరు గదిలోకి వెళ్ళాను. అంతా చెప్పాను. ఆయన విని వెనక్కి వాలాడు.

"మేడమ్, దీన్ని జీరో వేస్టేజ్ అంటారు" అన్నాడు. మీవాళ్ళు ఏళ్ళ తరబడి పారేయలేని దాన్ని ఇతను సరుకు చేశాడు అని మెచ్చుకున్నాడు కూడా.

"చచ్చిన సిమెంటు సర్, పిండి చేస్తే బతకదు."

"ల్యాబ్ రిపోర్ట్ హై?"

ల్యాబు మెయిన్‌లాండ్‌లో ఉంది. ఇక్కడి నుంచి శాంపిలు ఓడలో వెళ్ళి చేరేసరికి మంచి సిమెంటు కూడా గడ్డకడుతుంది. అది ఆయనకీ తెలుసు. పైగా కాంట్రాక్టులో సరుకుని రుబ్బకూడదని ఎక్కడా రాయలేదట. సర్కారుకీ ఆ బస్తాలకీ ఇక సంబంధం లేదట. పాత ఆఫీసరుకి రాయి సిమెంటుగా కనపడింది, ఈయనకి పిండి సిమెంటుగా కనపడుతోంది. మధ్యలో ఒక్క రోజైనా సిమెంటు సిమెంటుగా కనపడిన ఆఫీసరు మాకు దొరకలేదు.

నేను లేచి వస్తుంటే ఆయన సంతోషంగా ఇంకో మాట చెప్పాడు. వండూర్ అవతల చేపల కాలనీలో పర్మిట్టు లేకుండా కట్టిన ట్యాంకు తయారైంది, రేపు తనే వెళ్ళి ప్రారంభిస్తున్నాడు, నేను కూడా రావాలి.

మామ్మ ఈసారి సిమెంటు కొనుక్కుంది. బస్తాలు కొత్తవి, కుట్టు కొత్తది, చేత్తో తడిమితే మెత్తగా ఉన్నాయి. రాళ్ళు ఇచ్చారని తిప్పి పంపిన మనిషి, పిండి చూసి నమ్మింది.

ఆ సాయంత్రం బస్సుకే వండూర్ వెళ్ళాను. ట్యాంకు గుట్ట కింద తెల్లగా సున్నం వేసి నిలబడి ఉంది. మనిషికి ఒకటిన్నర ఎత్తు గోడలు, కింద పంపు, పంపు ముందు బిందెలు పెట్టుకోవడానికి గచ్చు. పిల్లలు అప్పుడే ఆ గచ్చు మీద ఆడుకుంటున్నారు. మామ్మ వల బాగుచేస్తూ కూర్చుంది. చెప్పాల్సిందంతా చెప్పాను. సగంలో ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"నీళ్ళెడితే ఏటవుద్ది?"

"నిలబడొచ్చు మామ్మా. కొన్నాళ్ళు నిలబడి తరవాత విరగొచ్చు. ఎప్పుడని చెప్పలేను."

"మా పిల్లగుంటలు ఆ గచ్చు మీదే కదా ఉంటారు, బిందెలట్టుకోని."

"ఆఫీసరుకి చెప్పాను. వినలేదు. రేపు అందరి ముందు మళ్ళీ చెబుతాను."

"నువ్వు సెప్తే ఆడు ఇంటాడేటి? నీ నౌకరీ పోద్ది, అంతే. నువ్వు ఊరుకో." వల పక్కన పెట్టి ట్యాంకు వైపు చూసింది. "ఆ కాంట్రాక్టరు బాబు కూడా వత్తాడా?"

"వస్తాడు."

"అయితే ఆడే సెప్తాడులే."

ఆవిడ ఏం చేయబోతోందో నాకు అర్థం కాలేదు. అడిగినా చెప్పలేదు.

మర్నాడు జీపులో ఆఫీసరు, వెనక కారులో కాంట్రాక్టరు వచ్చారు. నేనూ హెడ్ క్లర్కుగారూ జీపు వెనక సీట్లో ఉన్నాం. కాలనీ అంతా కొత్త బట్టలు కట్టుకుని నిలబడింది. బడి నుంచి తెచ్చిన రెండు కుర్చీలు గచ్చు మీద, ట్యాంకు గోడకి ఆనించినట్టుగా వేసి ఉన్నాయి. వాటి మీద ఉతికిన దుప్పట్లు పరిచారు. ఎండ దంచేస్తోంది. నీడ అక్కడ ఒక్కచోటే ఉంది.

ఆఫీసరు వెళ్ళి కూర్చుని టోపీతో విసురుకున్నాడు. కాంట్రాక్టరు గచ్చు ఇవతలే నిలబడిపోయాడు.

"కూకో బాబూ, నీకే ఏశాం ఆ కుర్సీ" అంది మామ్మ.

"పర్లేదు పెద్దమ్మా, నిలబడతాను."

"నువ్వు నిలబడితే మాకు మర్యాద కాదు. నీ సిమ్మెంటే గదా బాబూ, నీ ట్యాంకే అనుకో."

"నడుం నొప్పి పెద్దమ్మా. కూర్చోకూడదన్నాడు డాక్టరు."

మామ్మ తల తిప్పి గుట్ట మీదున్న మనిషికి చెయ్యి ఊపింది. వాగు నీళ్ళు గొట్టంలోంచి వచ్చి ట్యాంకులో పడటం మొదలైంది. లోపల నీళ్ళు పడే చప్పుడు బయటికి బాగా వినపడుతోంది. కాంట్రాక్టరు ఇంకాస్త వెనక్కి జరిగాడు. నవ్వు మొహం మీదే ఉంది గానీ కళ్ళు గోడ మీదున్నాయి. కాసేపటికి, కుర్చీ కాస్త ఇటు ఎండలోకి వేయించండి, కూర్చుంటాను అన్నాడు. ఆ మాటకి కాలనీ జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఆ ఎండలో కుక్క కూడా నిలబడటం లేదు.

"నడుం నొప్పి నీడలోనే వత్తదా బాబూ?" మామ్మ గొంతు పెంచలేదు. "సరే, నువ్వు కూకోకపోతే ఆ కుర్సీలో నా మనవరాల్ని కూకోబెడతాను. రాయే గుంటా."

ఆ పిల్ల రెండడుగులు వేసింది. కాంట్రాక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. అది వాడికి తెలియకుండానే జరిగిందనుకుంటాను. అంతమాత్రం మనిషితనం వాడిలో ఉందని ఒప్పుకోవాలి.

"నీళ్ళు కట్టేయమనండి" అన్నాడు నెమ్మదిగా.

"ఎందుకు బాబూ?"

"కట్టేయమనండి పెద్దమ్మా."

ఆఫీసరుకి తెలుగు రాదు. ఏమైంది, ఏమైంది అని నన్ను అడిగాడు. కాంట్రాక్టరు సాబ్ నీళ్ళు ఆపమంటున్నాడు సర్, మీరు కూర్చున్న చోట కూర్చోనంటున్నాడు, ఎందుకో మీరే అడగండి అని హిందీలో చెప్పాను. ఆయన కాంట్రాక్టరు మొహం చూశాడు. తలతిప్పి వెనక గోడ చూశాడు. ఆయన అంత ఎఫిషియెంటుగా కుర్చీలోంచి లేవడం నేను అంతకుముందు చూడలేదు.

నీళ్ళు ఆపారు. మామ్మ కొడుకు తెడ్డు తెచ్చి ట్యాంకు మూల మీద ఒక దెబ్బ వేశాడు. సున్నం పెచ్చు ఊడింది. దాని వెనక నుంచి బూడిదలాంటి పొడి ధారగా కారింది.

తరవాత ఏం జరిగిందని అడుగుతారు మీరు. ఏమీ జరగలేదు. ట్యాంకు పూర్తిగా నింపలేదు కనుక అది విఫలమైందని చెప్పడానికి ఆధారం లేదని రిపోర్టు వెళ్ళింది. కాంట్రాక్టరుకి మళ్ళీ కాంట్రాక్టు వచ్చింది. ఆఫీసరు మంచి పేరుతో ఇంకో పెద్ద ఊరికి వెళ్ళాడు. వెళ్ళేముందు మాత్రం, కాలనీ గొడవ పేపర్లకి ఎక్కుతుందన్న భయంతో నన్ను పిలిచి, వాళ్ళకి కావాల్సిన సిమెంటు సర్కారు వాటాలోంచి ఇచ్చేయమన్నాడు. కాగితం మీద రాసివ్వమంటే నీళ్ళు నమిలాడు.

నాకు కాగితం అక్కర్లేకపోయింది. ఆ వారం ఓడ వచ్చింది. సర్కారు వాటా కూడా కాంట్రాక్టరు మనుషులే దించేవాళ్ళు, గోడౌన్‌కి చేరితే బస్తాలు మార్చేస్తారని నా భయం. నేను జెట్టీకి వెళ్ళి, దిగిన బస్తాలు దిగినట్టే లారీకెక్కించాను. గోడౌన్ మొహం చూపించలేదు. గోడౌన్‌లో పాత స్టాకు ఉండగా కొత్తది ఇచ్చినందుకు ఆడిట్లో నన్ను నిలబెట్టి అడుగుతారు, ఉద్యోగానికే ముప్పు రావచ్చు. గేటు పాసు మీద హెడ్ క్లర్కుగారి సంతకం కావాలి. ఆయన పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"పాతది ముందమ్మా..." అన్నాడు. తరవాత తల ఊపుకున్నాడు. "మా ఆవిడ ఆ గిన్నె ఇంకా బాగుచేయలేకపోయింది" అని సంతకం పెట్టాడు. ఆయన సర్వీసులో రూలు తప్పింది అదొక్కసారే. దాని తరవాత ఒక వారం జ్వరం పడ్డాడు.

కాలనీవాళ్ళే కూలికి పోకుండా, వేటకి పోకుండా పాత గోడలు పడగొట్టి కొత్తవి పోసుకున్నారు. వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో నీళ్ళు వదులుతున్నామని మామ్మ కబురు పంపింది. ఆఫీసర్లు లేరు, దండలు లేవు. నేను వెళ్ళేసరికి వాగు నీళ్ళు ట్యాంకులో పడుతున్నాయి. పిల్లలందరినీ దూరంగా పడవల దగ్గర ఉంచారు. గచ్చు మీద, గోడకి వీపు ఆనించి, మామ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

నన్ను చూసి పక్కన నేల మీద తట్టింది.

"రా తల్లీ, కూకో."

సిమెంటు నేనే ఎక్కించి పంపాను. ఓడలోంచి దిగిన బస్తాలు, ఒక్కొక్క దాంట్లో చెయ్యి పెట్టి చూసి పంపాను. అందులో నాకు అనుమానం లేదు. అయినా ఫ్యాక్టరీ ఏం పంపిందో, ఓడలో ఏం తడిసిందో, నా చెయ్యి తగలని అడుగున ఏముందో నేను చూడలేదు. గచ్చు అంచున నా కాళ్ళు ఆగిపోయాయి. పడవల దగ్గర నిలబడిన జనం ఆరోజు కాంట్రాక్టరుని చూసినట్టే నన్ను చూస్తున్నారు. అందులో తప్పేమీ లేదు. నేనూ సర్కారు మనిషినే.

వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. గోడ చల్లగా వీపుకి తగిలింది. లోపల నీళ్ళు నా నడుము దాకా, భుజాల దాకా, తల దాకా ఎక్కడం చప్పుడుని బట్టి తెలుస్తోంది. మామ్మ నా చెయ్యి పట్టుకుంది. నీళ్ళు పైదాకా నిండి అంచు మీద నుంచి మా ఇద్దరి నెత్తిన పొర్లేదాకా మేము అక్కడి నుంచి లేవలేదు. అప్పుడు మామ్మ పిల్లల్ని పిలిచింది.